"అడవిలో కాల్షియం పొడి ఎవరు చల్లుతున్నారు?" అనేవాళ్ళకి

అమెరికాలో మన తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. పిల్లలు పోరుపెట్టి బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండని కొనిపించుకున్న ఇళ్ళకి సలహా అది. "దాని తిండి గురించి టెన్షన్ పడకండి. ఆస్ట్రేలియాలో దానికి ఎవరూ కాల్షియం పొడి చల్లి పెట్టట్లేదు, లైట్లు వెయ్యట్లేదు. ఒక డబ్బా మీల్‌వర్మ్స్ (పెట్ షాపుల్లో అమ్మే పిండి పురుగులు), రోజూ కాస్త పాలకూర, కిటికీ దగ్గర ఎండ ఉంటే చాలు. పెరట్లో పట్టిన పురుగులైతే ఇంకా మంచిది. మిగతాదంతా పెట్ షాపుల వ్యాపారం." ఇదీ దాని సారాంశం.

ఖర్చు తగ్గే మాట కాబట్టి ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. కానీ ఎదిగే వయసులో ఉన్న డ్రాగన్‌ని ఇలా పెంచితే కొద్ది నెలల్లోనే దాని ఎముకలు పాడవుతాయి. అందుకే ఒక్కో మాటనీ విడిగా తీసుకుంటున్నాను.

"అడవిలో ఎవరు చల్లుతున్నారు?" ఎవరూ చల్లట్లేదు, నిజమే. కానీ అక్కడ దానికి ఉన్నదేమిటో చూడండి. ఇది తూర్పు ఆస్ట్రేలియా లోపలి పొడి నేలల్లో బతికే జంతువు. మోడుల మీదా కంచె గుంజల మీదా ఎక్కి గంటలకొద్దీ నేరుగా ఎండ కాచుకుంటుంది. అక్కడి అడవి డ్రాగన్లు ఏం తింటున్నాయో కడుపులు పరిశీలించి 2015లో ఒక అధ్యయనం వెలువరించారు. వాటిలో ఎన్నో జాతుల పురుగులు కనిపించాయి, అన్నిటికన్నా ఎక్కువగా ఉసుళ్ళు, వాటితోపాటు ఆకులూ అలములూ. మన ఇంట్లోని గాజు పెట్టెలో ఉన్నది ఫారంలో ఒకే దాణా మీద పెరిగిన ఒకే రకం పురుగు. పైగా అడవిలో ఒక్కో ఈతకి సుమారు ఇరవై గుడ్లు పెడితే వాటిలో పెద్దయ్యేవి కొన్నే. మనకి కనిపించేవి ఆ బతికి బట్టకట్టినవే. మన పిల్లవాడు పేరు పెట్టి పిలుచుకునే ఒక్క డ్రాగన్ విషయంలో ఆ లెక్క పనికిరాదు.

"కాల్షియం పొడి అక్కర్లేదు." అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఇది సుమారు 10 సెంటీమీటర్లు, రెండు మూడు గ్రాముల బరువు. ఏడాది తిరిగేసరికి తోకతో కలిపి అర మీటరు దాకా పెరుగుతుంది. ఆ ఎముకలన్నిటికీ కాల్షియం తిండిలోంచే రావాలి. తిండిలో ఫాస్ఫరస్ కన్నా కాల్షియం ఎక్కువ ఉండాలి, సుమారు రెండింతలు. కానీ మనం కొని పెట్టే క్రికెట్లలో, అంటే కీచురాళ్ళలో, లెక్క తిరగబడి ఉంటుంది. కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి దాన్ని ఎముకల్లోంచి లాగి గుండెకీ కండరాలకీ పంపుతుంది. అలా లాగుతూ పోతే కింది దవడ రబ్బరులా మెత్తబడుతుంది, కాళ్ళు వంకర పోతాయి, వేళ్ళు వణుకుతాయి, వెన్ను గూని పడుతుంది. తినాలని నోరు తెరిచినా పురుగుని నమలలేని స్థితి వస్తుంది. ఒకసారి వంగిన ఎముక మళ్ళీ పూర్తిగా సరికాదు.

దీన్ని ఆపడానికి పట్టే సమయం ఒక నిమిషం. ఒక ప్లాస్టిక్ గ్లాసులో ఆ పూటకి సరిపడా క్రికెట్లు వేసి, ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి చిటికెడు చల్లి, బజ్జీ ముక్కకి పొడిపిండి పట్టించినట్టు నెమ్మదిగా తిప్పాలి. వెంటనే పెట్టెయ్యాలి, ఆలస్యమైతే పురుగులు ఆ పొడిని దులిపేసుకుంటాయి. చిన్న డ్రాగన్‌కి వారంలో ఎక్కువ రోజులు, రోజుకి ఒక పూట ఇలా పెట్టాలి. విటమిన్ల పొడి మాత్రం వారానికి ఒకటి రెండుసార్లే. విటమిన్ ఎ, డి3 శరీరంలో పేరుకుంటాయి కాబట్టి అవి ఎక్కువైనా హాని చేస్తాయి.

"కిటికీ దగ్గర ఎండ చాలు." చాలదు. కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి. 290 నుంచి 320 నానోమీటర్ల యూవీబీ కిరణాలు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) చర్మానికి తగిలితేనే డ్రాగన్ దాన్ని తయారు చేసుకుంటుంది. గదిలోకి వెలుతురూ వేడీ వచ్చినా, కిటికీ అద్దం ఆ కిరణాలని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పొడిలో డి3 ఉంది కదా అంటారు కొందరు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు అప్పుడే పుట్టిన డ్రాగన్లని ఆరు నెలలు పెంచి 2010లో ఫలితాలు ప్రచురించారు. నోటి ద్వారా డి3 ఇచ్చినవాటి కన్నా యూవీబీ కింద పెరిగినవాటి రక్తంలో దాని నిల్వ రూపం దాదాపు 18 రెట్లు ఎక్కువ ఉంది. అంటే యూవీబీ ట్యూబ్ లైటు ఉండి తీరాలి. వెలుగుతూనే ఉన్నా దాని యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి, కంపెనీ చెప్పినదాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. బయట ఎండలో కాసేపు ఉంచడం చాలా మంచిది, కానీ జాలీ పెట్టెలో, పక్కన నీడ ఉండేలా. గాజు పెట్టెని ఎండలో పెడితే అది లోపలే ఉడికిపోతుంది.

వేడి సంగతి కూడా తిండి సంగతే. ఎండ కాచుకునే చోట సుమారు 40 డిగ్రీల సెల్సియస్ లేకపోతే తిన్నది అరగదు. లైట్లు ఆర్పే ముందు రెండు గంటల్లో ఏమీ పెట్టకూడదు.

"ఒక డబ్బా మీల్‌వర్మ్స్ చాలు." మీల్‌వర్మ్స్ విషమేమీ కాదు, కానీ కొవ్వు ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. అప్పుడప్పుడూ రెండు పెడితే ఫర్వాలేదు. రోజువారీ తిండిగా క్రికెట్లు, డ్యూబియా బొద్దింకలు, బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు మార్చి మార్చి పెట్టండి. ఈ మూడోదానిలో కాల్షియం సహజంగానే ఎక్కువ. పెట్టే ముందు ఒక రోజంతా ఆ పురుగులకి క్యారెట్, ఆకుకూర మేపండి. పురుగు పొడవు డ్రాగన్ రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. రోజుకి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాల్లో తిన్నంత. మిగిలిన క్రికెట్లని తీసెయ్యండి, రాత్రిపూట అవి డ్రాగన్‌నే కొరుకుతాయి.

"రోజూ పాలకూర." మన ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇది, ఎందుకంటే ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండేది అదే. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. తోటకూర, చుక్కకూరలదీ అదే తంతు. ఎప్పుడో ఒక ఆకు తింటే ఏమీ కాదు, రోజూ పెట్టకూడదు. కొలార్డ్ గ్రీన్స్, ఆవాకు, డాండెలైన్ ఆకులు, ఎండైవ్, తురిమిన బటర్‌నట్ గుమ్మడి మంచివి. మందు కొట్టని మందార రేకులు చాలావాటికి ఇష్టం. అవకాడో అసలు పెట్టొద్దు. చిన్నప్పుడు తిండిలో మూడొంతులు పురుగులే ఉంటాయి కాబట్టి ఆకుల్ని పట్టించుకోకపోవచ్చు. అయినా రోజూ పొద్దున్నే సన్నగా తరిగి పెట్టండి, పెద్దయ్యాక అదే ముఖ్యమైన తిండి అవుతుంది.

"పెరట్లో పట్టిన పురుగులు." ఈ ఒక్క సలహా ఒకే రోజులో ప్రాణం తియ్యగలదు. పురుగుమందు సంగతి అలా ఉంచండి. అమెరికాలో చాలాచోట్ల వేసవి సాయంత్రాలు పెరట్లో మిణుగురులు ఎగురుతాయి, పిల్లలు వాటిని పట్టి సీసాల్లో వేస్తారు. వాటి ఒంట్లో కప్ప విషం లాంటి గుండెకి హాని చేసే పదార్థం ఉంటుంది. ఒక్కటి మింగినా బియర్డెడ్ డ్రాగన్ గంటల్లో చనిపోవచ్చు. ఆ సంగతి ఇంట్లో పిల్లలందరికీ ముందే చెప్పి ఉంచండి.

"అంతా వ్యాపారం." కొంత నిజమే. కాల్షియం శాండ్ అని అమ్మే ఇసుక చిన్న డ్రాగన్ కడుపులోకి పోయి అడ్డుపడొచ్చు, దాని బదులు పేపర్ టవల్ వెయ్యండి. ఎండు గుళికల డబ్బా కూడా అవసరం లేదు. కానీ కాల్షియం పొడి, యూవీబీ ట్యూబ్ ఆ జాబితాలోవి కావు.

ఇప్పటికే ఆ మెసేజ్ నమ్మి పెంచుతుంటే, ఈరోజే దాన్ని గమనించండి. నడిచేటప్పుడు పొట్ట నేలకి ఈడుస్తోందా, వేళ్ళు అదురుతున్నాయా, దవడ వాచినట్టుందా? వీటిలో ఏది కనిపించినా సరీసృపాలని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి, కుక్కలూ పిల్లుల వెట్‌లలో చాలామంది వీటిని చూడరు. ఎత్తేటప్పుడు అరచెయ్యి మొత్తం కింద పెట్టి ఎత్తండి, ఆ దశలో ఎముక చిన్న ఒత్తిడికే విరుగుతుంది. కంగారుపడి పొడి డోసు మీరే పెంచెయ్యకండి. ఎంత ఇవ్వాలో, ఇంజెక్షన్ కావాలో సిరప్ సరిపోతుందో డాక్టరే చూసి చెప్పాలి.