బుసకు పాలు పోసే భక్తులు

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు కుర్రాడు బుస కొనుక్కున్నాడు.

పాము బుస కాదు, క్యాసెట్ బుస. పాట మొదలవకముందు, పాట నడుస్తున్నంతసేపూ, పాట అయిపోయాక కూడా స్పీకర్లోంచి 'స్‌స్‌స్' అని వినపడేదే. ఇంట్లో టేప్‌రికార్డరున్న రోజుల్లో మన నాన్నలు ట్రెబుల్ మీట తిప్పి తిప్పి దాని నోరు మూయించాలని చూసి ఓడిపోయారు. ఇప్పుడు దాన్నే పిల్లలు డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నారు. రేషన్ బియ్యంలో రాళ్ళేరుకుని తిన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళు, సన్నబియ్యం కొనే స్తోమత రాగానే రాళ్ళు విడిగా ఆర్డరు పెట్టి కలుపుకుంటున్నట్టుంది వ్యవహారం.

కుర్రాడు మనవాడే. తెనాలి వైపు. బెంగళూరు బెళ్ళందూరులో ఉద్యోగం, మా కాంప్లెక్సులో రెండు పడగ్గదుల ఇల్లు. అందులో ఒక పడగ్గది ఇప్పుడు మిషనుది. నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు. అమెరికాలో ఎవరో అటకెక్కించినదాన్ని ఇంటర్నెట్లో పట్టుకుని, పార్సిలు ఖర్చులూ కస్టమ్స్ సుంకమూ కట్టి తెప్పించాడు. మొత్తం మీద ఓ స్కూటరొచ్చేది. "ఎందుకు బాబూ?" అని లిఫ్టులో అడిగాను. "వార్మ్‌త్ కోసం అంకుల్" అన్నాడు. వెచ్చదనమట. ఏప్రిల్ మధ్యాహ్నం మా పై అంతస్తుకొస్తే ఊరికే ఇచ్చేవాణ్ణి.

మిషను తప్పేం లేదు పాపం. దాని వంశం గొప్పది. 1979లో జపాను కంపెనీ టియాక్ వాళ్ళు 144 అనే మోడల్‌ను పోర్టాస్టూడియో పేరుతో తెచ్చారు. అప్పటిదాకా ఒక్కో వాయిద్యాన్ని ఒక్కో ట్రాకులో విడివిడిగా ఎక్కించాలంటే స్టూడియోకన్నా పోవాలి, పెద్ద రీలు మిషనన్నా ఉండాలి. వీళ్ళు చేసిన గడుసు పని చూడండి. మామూలు క్యాసెట్లో అటువైపుకి రెండు, ఇటువైపుకి రెండు, మొత్తం నాలుగు దారులుంటాయి. అందుకే ఒక వైపు అయిపోగానే తిప్పి పెట్టేవాళ్ళం. ఆ నాలుగింటినీ ఒకే దిక్కుగా, ఒకేసారి వాడుకునే హెడ్, అంటే టేపు మీద ఎక్కించి వినిపించే ముక్క, పెట్టారు. టేపును రెట్టింపు వేగంతో నడిపారు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని టేపులో నాలుగు గదుల ఇల్లు కట్టారన్నమాట. ఇక తిప్పడం లేదు, అరవై నిమిషాల క్యాసెట్టు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

నాకింత ఎలా తెలుసంటే, వినాయక చవితి పందిళ్ళలో వాయించే మా ఆర్కెస్ట్రా వాళ్ళం తొంభైల్లో చందాలేసుకుని మద్రాసు బర్మా బజారులో ఇలాంటి పాతదే ఒకటి కొన్నాం. నాలుగు గదులు చాలకపోతే ఏం చేయాలో అప్పుడే నేర్చుకున్నాం. పుస్తకంలో దాని పేరు బౌన్సింగ్. మేం 'సర్దడం' అనేవాళ్ళం. తబలా, బేస్, కీబోర్డు మూడు గదుల్లో ఎక్కిస్తాం. ఆ ముగ్గుర్నీ కలిపి నాలుగో గదిలోకి సర్దేస్తాం, సర్దుతుండగానే ఇంకొకడు గిటారు కూడా వాయించేస్తాడు. దాంతో మొదటి మూడు గదులూ ఖాళీ. కొత్త చుట్టాలు దిగొచ్చు. ఇలా నాలుగు, మూడు, రెండు, ఒకటి చొప్పున పదిమందిని ఇరికించవచ్చు. కాకపోతే లోపలికి తోసినవాణ్ణి మళ్ళీ విడిగా బయటికి పిలవలేం. తబలా గట్టిగా పడిందని మర్నాడు తెలిసిందనుకోండి, జన్మంతా ఆ తబలా అంతే. అందుకని సర్దే ముందు "ఇంత చాలా, ఇంకాస్త తగ్గించాలా" అని తెల్లారేదాకా కొట్టుకునేవాళ్ళం. ఒకసారి మా తబలా ఆయన రెండు వారాలు మాతో మాట్లాడలేదు. పైగా సర్దిన ప్రతిసారీ బుస ఒక మెట్టు పైకెక్కేది. స్పిరిట్లో దూది ముంచి హెడ్డు తుడిచేవాళ్ళం. స్పిరిట్ లేకపోతే మా గాయకుడు చొక్కా కొస తడిపి తుడిచేవాడు, దేంతో తడిపేవాడో అడక్కండి.

మేమే కాదు, ప్రపంచంలో ఎంతో పెద్ద తలకాయలు ఈ బుసను చంపడానికే పుట్టాయి. రే డాల్బీ అన్నాయన ఇళ్ళలో వాడే టేపుల కోసం డాల్బీ-బి తెచ్చింది 1968లో. తర్వాత వచ్చిన పోర్టాస్టూడియోల్లో డీబీఎక్స్ పెట్టారు. అది ఎక్కించేటప్పుడు శబ్దంలోని ఎగుడుదిగుళ్ళను సగానికి నొక్కుతుంది, వినిపించేటప్పుడు మళ్ళీ సాగదీస్తుంది. ఆ సాగుడులో బుస అడుక్కి పోతుంది. మా కుర్రాడి మిషనుకీ ఆ స్విచ్చుంది. ఆఫ్‌లో పెట్టి, ఎవరూ కదపకుండా పైన ప్లాస్టర్ అంటించాడు.

సరే, ఇంత కష్టపడి తెచ్చుకున్నాడు, నాలుగు గదుల్లోనూ ఎవరెవర్ని దించుతున్నాడో చూద్దామని వెళ్ళాను. ఎవర్నీ దించడు. పాటంతా లాప్‌టాప్‌లోనే తయారవుతుంది. నలభై ఎనిమిది ట్రాకులు. డ్రమ్ములు కంప్యూటరువి. గొంతు అతనిదే కానీ, శ్రుతి కంప్యూటరుది. అంతా అయిపోయాక ఆ వండిన పాటను వైరేసి మిషను 1, 2 ట్రాకుల్లోకి పంపుతాడు, అక్కణ్ణుంచి మళ్ళీ లాప్‌టాప్‌లోకి లాక్కుంటాడు. పాట బుసలో ఓ మునక వేసి వచ్చిందన్నమాట, కార్తీక స్నానంలాగా. 3, 4 ట్రాకులు ఖాళీ. అంతటితో తృప్తి లేదు. లాప్‌టాప్‌లో బుస కలిపే సాఫ్ట్‌వేరు ఇంకొకటుంది, ఎంత బుస కావాలో తిప్పుకునే మీటతో సహా. కొబ్బరినీళ్ళలో చక్కెర కలుపుకునేవాణ్ణి చూశాను కానీ, కొళాయి నీళ్ళలో తుప్పు కలుపుకునేవాణ్ణి ఇప్పుడే చూడటం.

ఏమన్నా అంటే అమెరికా గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ కథ మొదలెడతాడు. ఈ కులస్తులందరికీ అది సత్యనారాయణ వ్రత కథ. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో తన ఇంట్లో, టియాక్ 144 మీద, రెండు మైకులతో ఒంటరిగా పాటలు ఎక్కించాడు. ఆ క్యాసెట్టును డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగాడు. అదే ఆ ఏడాది ఆల్బమ్ అయింది. నిజమే. కానీ కథలో మూడో అధ్యాయం వీళ్ళు చదవరు. ఆయన దాన్ని బ్యాండు వాళ్ళకు వినిపించడానికి నమూనాగా చేసుకున్నాడు. స్టూడియోలో బ్యాండుతో కూడా ప్రయత్నించాడు. ఆ పాటలకు అది అతకలేదు. ఆ క్యాసెట్టును గ్రామఫోన్ రికార్డు మీదికి ఎక్కించలేక ఇంజనీర్లు నానా తంటాలూ పడ్డారు. అంటే ఆయనకు పాటలుండి స్టూడియో పనికిరాలేదు. మనవాడికి బుస ఉంది, పాట రావాలి.

ఇక ఆ ఆదివారం సంగతి. వాట్సాప్‌లో పిలుపొచ్చింది, 'టేప్ లిజనింగ్, చెప్పులు బయట'. పదకొండు మందిమి కింద చాపల మీద కూర్చున్నాం. ఎత్తు పీట మీద మిషను, పక్కన ఇత్తడి ప్రమిద. పీట కింద స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, ఎందుకంటే అమెరికా మిషను మన 230 వోల్టులు తాగితే పొగై పోతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మిషనుకి మరీ దగ్గరగా ఉంది కాబట్టి, దాని గుయ్‌మనే రొద కూడా హెడ్డులోకి దూరుతోంది. ఈ విషయం చెప్పబోతే పక్కనున్న గడ్డపాయన "ష్, బేస్ వినండి" అన్నాడు.

కుర్రాడు మీట నొక్కాడు, ఖటక్. ఆ ఖటక్‌కే ఇద్దరు కళ్ళు మూసుకున్నారు. తర్వాత నలభై సెకన్లు ఉత్త బుస. నేను అటూ ఇటూ చూశాను, ఖాళీ టేపు పెట్టాడేమోనని. లేదు, తలలు ఊగుతున్నాయి. "ఎంత ఆర్గానిక్‌గా ఉందో" అందొక అమ్మాయి. ఆవిడ కోసం ఎరువు తేవాలనిపించింది. ఇంతలో పాట. పాటలో ఎవరో ఈల వేశారు. వంటింట్లో కుక్కరది. అది రెండోసారి వేసినప్పుడు గడ్డపాయన నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు. కింద వాటర్ టాంకరు రివర్స్ తీసుకుంటూ దాని పీపీ పాట మొదలెట్టింది. "కౌంటర్ మెలొడీ" అని ఒకరు నా చెవిలో చెప్పారు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మోటారు నీరసించి, కుర్రాడి గొంతు ముప్ఫై నుంచి అరవై ఏళ్ళకు, అరవై నుంచి యమలోకానికి దిగింది. చీకట్లో ఎవ్వరూ కదల్లేదు. జనరేటరు అందుకుంది. మీట దిగే ఉంది కనక టేపు మళ్ళీ లేచి, గొంతు పాతాళం నుంచి పైకి పాక్కుంటూ వచ్చింది. చప్పట్లు! లేచి నిలబడి చప్పట్లు! ఆ మలుపు ఎలా చేశావని అడిగితే కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "ఇన్‌స్టింక్ట్" అన్నాడు. మా విద్యుత్ శాఖ లైన్‌మన్ ఏ స్తంభం మీదున్నాడో కానీ, అతనికి ఓ శాలువా కప్పాలి.

రెండో పాటలో మాత్రం నాకు నవ్వు ఆగిపోయింది.

పాట అడుగున ఏదో ఉంది. సన్నగా, పిట్ట గొంతులా, గబగబా. మాటలు కాని మాటలు. లోపలికి పీల్చుకుంటున్నట్టు ఒక్కో ముక్క. "ఆ టెక్‌స్చర్ ఏంటి బ్రో, అదిరింది" అన్నారు. కుర్రాడు మురిసిపోయి, "3, 4 ట్రాకులు తెరిచి చూస్తే అక్కడుంది, టేపు నాకిచ్చిన గిఫ్ట్" అన్నాడు.

టేపుతో పదేళ్ళు కాపురం చేసినవాణ్ణి. ఆ గిఫ్టు ఏమిటో నాకు తెలుసు. మామూలు టేప్‌రికార్డర్లో ఎక్కించిన క్యాసెట్టును నాలుగు ట్రాకుల మిషనులో పెడితే, రెండో వైపు 3, 4 ట్రాకుల్లో వెనక నుంచి ముందుకు, రెట్టింపు వేగంతో వినిపిస్తుంది. అది మనిషి గొంతు. ఆడమనిషి. పాడుతోంది.

లేచి వెళ్ళి క్యాసెట్టు బయటికి తీయించాను. దుబాయ్ నుంచి వచ్చిన క్రోమ్ క్యాసెట్టు. మీద నీలం పెన్నుతో రాసి ఉంది: 'అమ్మ పాటలు, 1991, చెరపొద్దు'. వీపున రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచేసి ఉన్నాయి. మళ్ళీ ఎవరూ పొరపాటున ఎక్కించకుండా అవి విరిచేవాళ్ళం, గుర్తుందా? ఆ రెండు కన్నాల మీదా కొత్త సెల్లో టేపు నీటుగా అంటించి ఉంది.

"ఎవరిది బాబూ ఇది?"

"మా అమ్మమ్మది అంకుల్. ఊళ్ళో అటక మీద దొరికింది. ఇలాంటి క్రోమ్, టైప్ టూ క్యాసెట్లు ఇప్పుడెక్కడా రావట్లేదు."

"మీ అమ్మకు తెలుసా?"

"అమ్మ అవి విని ఇరవయ్యేళ్ళవుతుంది."

వినడానికి మిషనేదిరా? అది పాడైపోయింది, బాగుచేసేవాడు పోయాడు, అయినా మీ అమ్మ దాన్ని పారేయలేదు. మూడు ఇళ్ళు మారి ఉంటుంది, మూడిళ్ళలోనూ అటక మీద పెట్టింది. చదువుకున్నవాడివి, తెలుగు వచ్చినవాడివి, 'చెరపొద్దు' అన్న నాలుగక్షరాలు చదవలేకపోయావా? చదివే ఉంటావు. 'వింటేజ్' అనుకుని ఉంటావు. నీ పాట నాలుగు నిమిషాలు. నీ మిషను రెట్టింపు వేగం. అంటే నీ ఒక్కో పాటకూ అమ్మమ్మవి ఎనిమిది నిమిషాలు పోయాయి. మూడు పాటలు ఎక్కించావు. ఇరవై నాలుగు నిమిషాలు. అరగంట వైపులో ఆరు మిగిలాయి. లాప్‌టాప్‌లో తప్పు చేస్తే వెనక్కి తెచ్చుకునే బటనుంది కదా అని అలవాటు పడ్డ చేతులు నీవి. టేపుకి ఆ బటను లేదు. మేం తబలా కోసం తెల్లారేదాకా ఎందుకు కొట్టుకున్నామనుకున్నావు?

ఇవన్నీ పైకే అన్నాను. పదకొండు మందీ విన్నారు. నా గొంతులో వెచ్చదనం చాలినంత ఉండే ఉంటుంది, ఆ అమ్మాయి ప్రమిద ఆర్పేసింది.

క్యాసెట్టు నా జేబులో వేసుకుని వచ్చేశాను. సెల్లో టేపు పీకేశాను. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ కొట్లలో రెండు శనివారాలు తిరిగితే, ఓ పాత టూ-ఇన్-వన్ దొరికింది, బెల్టు మార్పించాను. రెండో వైపు పెట్టాను. భద్రంగా ఉంది. మంగళహారతి. మధ్యలో ఆవిడ దగ్గి, పాట ఆపి, "ఒరే, ఎక్కుతోందా?" అని అడుగుతుంది. "ఎక్కుతోందమ్మా, నువ్వు పాడు" అని దూరం నుంచి ఓ మగ గొంతు. వెనకాల గిన్నెల చప్పుడు, కోడి.

కుర్రాణ్ణి పైకి పిలిచి కూర్చోబెట్టి వినిపించాను. మొత్తం అరగంటా విన్నాడు, ఫోను తీయకుండా. కళ్ళు చెమర్చినట్టే అనిపించింది. నేను కాఫీ కలపడానికి లేచాను.

"అంకుల్," అన్నాడు వెనక నుంచి, "రివర్స్‌లోనే బాగుంది కదా?"