హాలోవీన్‌కు నిజంగా రెండు వేల ఏళ్లా?

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే ఒకటే కథ తిరుగుతుంది. రెండు వేల ఏళ్ల కిందట ఐర్లండ్, బ్రిటన్‌లలో ఉన్న కెల్టులనే పాత జాతులు మృత్యుదేవుడికి పండుగ చేసేవారట, చర్చి దాన్ని లాక్కుని సాధువుల పేరు పెట్టిందట, అక్టోబరు 31 రాత్రి పిల్లలు వేషాలు కట్టి ఇంటింటా మిఠాయి అడిగే నేటి హాలోవీన్ అదేనట. మన పత్రికల్లో, యూట్యూబ్ వీడియోల్లో కూడా ఇదే పాట. ఆధారాలు పెట్టి చూస్తే ఇందులో సగం కూడా నిలబడదు.

కెల్టులదని చెప్పే ఆ పండుగ, సావిన్, ఉన్న మాట నిజమే. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో నవంబరు 1తో చలికాలం మొదలైనట్టు లెక్క. వేసవంతా కొండ మేతకు తోలిన పశువులను కిందికి దించేవారు. చలికాలమంతా మేపలేమనుకున్న వాటిని కోసి మాంసం నిల్వ చేసుకునేవారు. రోజు పొద్దుగుంకడంతో మొదలయ్యే లెక్క కాబట్టి అక్టోబరు 31 సాయంత్రమే పండుగ వచ్చేసేది. ఆ రాత్రి గుట్టల్లోంచి అతీత శక్తులు బయటికొస్తాయని పాత ఐరిష్ కథలు చెబుతాయి. కానీ వాటిని రాసిపెట్టింది క్రైస్తవ సన్యాసులు, అదీ ఐర్లండ్ మతం మారిన కొన్ని శతాబ్దాల తర్వాత. అంతకు ముందు ఆ రాత్రి జనం ఏ పూజ చేసేవారో చెప్పే రాత ఒక్కటీ లేదు. సావిన్ పేరుతో మృత్యుదేవుడు ఉండేవాడన్నది 18వ శతాబ్దంలో చార్ల్స్ వాలన్సీ అనే సైనిక ఇంజనీరు అల్లిన ఊహ. రోమన్ల పొమోనా దేవత పండుగ ఇందులో కలిసిందనే మాటకూ బలం లేదు. రోమన్ పంచాంగంలో ఆ దేవతకు పండుగ రోజే కనబడదు.

చర్చి సంగతి కూడా అంతే. రోమ్‌లో అమరవీరుల స్మరణ మొదట మే 13న జరిగేది. సాధువులందరినీ తలచుకునే సర్వసాధువుల పండుగకు నవంబరు 1 తేదీ 8, 9 శతాబ్దాల్లో వ్యాపించింది, 835లో పశ్చిమ యూరప్‌ను ఏలిన ఫ్రాంకుల చక్రవర్తి లూయీ ది పయస్ తన రాజ్యమంతటా అమలు చేశాడు. అదే కాలంలో, 800 ప్రాంతంలో రాసిన ఐరిష్ చర్చి పంచాంగాల్లో సర్వసాధువుల పండుగ ఏప్రిల్ 20న ఉంది. సావిన్‌ను మింగేయడానికే తేదీ మార్చి ఉంటే ఆ మార్పు ముందు ఐర్లండ్‌లో కనబడాలి కదా. అక్కడే కనబడలేదు.

చనిపోయినవారి తలపు ఈ రోజుల్లోకి గట్టిగా వచ్చింది వెయ్యో సంవత్సరం అటూ ఇటూగా. ఫ్రాన్స్‌లోని క్లూనీ క్రైస్తవ మఠాధిపతి ఓడిలో నవంబరు 2ను మృతుల ఆత్మల కోసం ప్రార్థించే రోజుగా పెట్టాడు. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లండ్ పేదలు ఇంటింటికీ వెళ్లి, మీవాళ్ల ఆత్మల కోసం ప్రార్థిస్తామని చెప్పి ‘సోల్ కేక్’ అనే చిన్న రొట్టె పెట్టించుకునేవారు. స్కాట్లండ్, ఐర్లండ్‌లలో పిల్లలు, కుర్రాళ్లు ముఖానికి మసి పూసుకునో, గడ్డి వేషం కట్టుకునో తలుపు తట్టేవారు. ఊరికే చెయ్యి చాస్తే కుదరదు, పాటో పద్యమో వినిపించాలి, అప్పుడే ఆపిల్, గింజలు, చిల్లర డబ్బులు. దసరాకు అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటా పాడించి పప్పుబెల్లాలు పెట్టించిన ఆచారం తెలిసినవారికి ఇది పరాయిగా అనిపించదు. నా లెక్కలో హాలోవీన్‌కు ప్రాణం ఈ ఇచ్చిపుచ్చుకోవడమే, దేవతలూ దెయ్యాలూ దాని పైపూత.

కాయను తొలిచి, మొహం చెక్కి, లోపల దీపం పెట్టే హాలోవీన్ లాంతరు పాత రూపం చూడాలంటే ఐర్లండ్‌లోని కాసిల్‌బార్ దగ్గరి జాతీయ మ్యూజియానికి వెళ్లాలి. డొనెగాల్ కౌంటీ ఫిన్‌టౌన్ నుంచి 1943లో వచ్చిన టర్నిప్ (ముల్లంగి జాతి దుంప) లాంతరుకు పోసిన ప్లాస్టర్ అచ్చు అక్కడుంది. లోతుకు పోయిన కళ్లు, పీక్కుపోయిన మొహం, వంకర పళ్లు. దాని ముందు నేటి నవ్వు మొహం గుమ్మడికాయ పసిపిల్లలా ఉంటుంది. 1840ల కరువుకు అమెరికా చేరిన ఐరిష్ జనానికి అక్కడ గుమ్మడికాయ దొరికింది. టర్నిప్‌ను తొలవాలంటే చేతులు నొప్పెడతాయి, గుమ్మడి లోపల సగం ఖాళీ.

చెక్కడంలో పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. మూతను నిలువుగా కోస్తే రెండో రోజుకు కాయ వాడి, మూత లోపలికి పడిపోతుంది. కత్తిని లోపలివైపు ఏటవాలుగా పెట్టి కొయ్యాలి, లేదా అడుగునే తెరవాలి. రెండోది గోడ మందం. మొహం వచ్చే వైపు ఒక అంగుళం మిగిలేదాకా గీకాలి. మందంగా వదిలేస్తే వెలుగు బయటికి రాదు, మరీ పలచనైతే పళ్ల దగ్గర విరుగుతుంది. వంటింటి కత్తి మందపు కండలో ఇరుక్కుని, బలంగా లాగినప్పుడు జారి చెయ్యి తెగుతుంది. సన్నటి రంపపు కత్తే మేలు, పిల్లలు బొమ్మ గీస్తే పెద్దలు కొయ్యాలి. తడి లోపల మిగిలితే బూజు పడుతుంది కాబట్టి నాలుగు లీటర్ల నీటిలో ఒక పెద్ద చెంచా బ్లీచ్ కలిపి తుడిచి, బాగా ఆరనివ్వాలి. కోసిన అంచులకు వాజిలిన్ రాస్తే త్వరగా ముడుచుకోదు. పండుగకు రెండు రోజుల ముందు చెక్కితే చాలు, హైదరాబాద్ ఎండకైతే అదే రోజు ఉదయం. మన తియ్య గుమ్మడికి కండ ఎక్కువ, ఖాళీ తక్కువ, గీకడానికి ఓపిక కావాలి. లోపల కొవ్వొత్తి బదులు చిన్న ఎల్‌ఈడీ దీపం పెడితే వేషాల అంచులు అంటుకునే భయం ఉండదు.

అమెరికాలో ఈ పండుగకు నేటి రూపం వచ్చింది 20వ శతాబ్దంలోనే. ఆకతాయిల అల్లరి శ్రుతి మించి గేట్లు ఊడబీకడం, వీధి దీపాలు పగలగొట్టడం దాకా పోతే, ఊళ్లు ఊరేగింపులు పెట్టి కుర్రాళ్లను దారికి తెచ్చుకున్నాయి. మిన్నెసోటాలోని అనోకా 1920లోనే ఆ పని చేసింది. 1930లలో ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ (మిఠాయి పెడతారా, ఆటపట్టించమంటారా) అనే మాట విరివిగా వాడుకలోకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలపు చక్కెర రేషన్ ముగిశాక మిఠాయి కంపెనీలు దాన్ని దేశమంతా పరిచాయి. ఆ క్రమంలో పాట, పద్యం పోయి సంచి మాత్రం మిగిలింది. నాకు ఇందులో బాధ కలిగించేది అదే.

భయాలు కూడా దారి తప్పాయి. మిఠాయిలో విషం పెడతారన్న భయం ఏటా లేస్తుంది. ఈ ఆరోపణలను దశాబ్దాలుగా పరిశీలించిన సామాజికశాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు, అపరిచితులు పంచిన మిఠాయితో పిల్లలు చనిపోయినట్టు రుజువైన ఘటన దొరకలేదు. 1974లో టెక్సస్‌లో ఒక పిల్లవాడు చనిపోయిన ఘటనలో మిఠాయిలో విషం పెట్టింది కన్నతండ్రే. అసలు ముప్పు రోడ్డు మీద ఉంది. 1975 నుంచి 2016 దాకా అమెరికా ప్రమాదాల లెక్కలు చూసిన ఒక అధ్యయనంలో, హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో అది దాదాపు పది రెట్లు. సాయంత్రం ఆరు గంటల ప్రాంతం మరీ ప్రమాదం.

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడి, అమెరికాలోని మన ఇళ్ల ముందు ప్రమిదలూ గుమ్మడికాయలూ పక్కపక్కన వెలిగాయి. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లోనూ పిల్లలు తలుపులు తడుతున్నారు. వద్దనడం కంటే పాత పద్ధతిని వెనక్కి తేవడం మంచిది: తలుపు తట్టిన తెలుగు పిల్లల చేత వేమన పద్యం ఒకటి చెప్పించి, తర్వాతే చాక్లెట్ చేతిలో పెట్టండి. చూపును అడ్డుకునే మాస్కు బదులు ముఖానికి రంగులు, వేషానికి వెనకా ముందూ వెలుగు తగిలితే మెరిసే టేపు, చేతిలో టార్చ్, పదేళ్ల లోపు పిల్లల వెంట పెద్దవాళ్లు. ఇంట్లో చేసిన లడ్డూలు మాత్రం అమెరికాలో పంచకండి. కంపెనీ ప్యాకింగ్ లేని తినుబండారాన్ని తల్లిదండ్రులు చెత్తబుట్టలో వేస్తారు. పైగా జీడిపప్పు, వేరుశెనగ పడని పిల్లలు ఉంటారు. వాళ్ల కోసం పెన్సిళ్లు, స్టిక్కర్లు విడిగా ఒక గిన్నెలో పెట్టి, నీలాకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయను గుమ్మం ముందు ఉంచండి. తినేవి కాని బహుమతులు కూడా ఉన్నాయనడానికి అక్కడ అది గుర్తు.