మా పరుపులో కాపురముంటున్న నల్లిగారికి

మహారాజశ్రీ నల్లిగారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ ఉభయులం ఒకే పరుపు మీద ఉంటున్నాం కాబట్టి తమరి కుశలం నాకు బాగానే తెలుసు, నా కుశలం సంగతంటారా, అది ఆల్రెడీ తమరి పొట్టలో ఉంది. ఇక్కడ్నించి నువ్వు అనే అంటాను, ఏమనుకోకు, ఎంతైనా రక్తసంబంధం.

ముందు నీ రాక గురించి మాట్లాడుకుందాం. నీకు రెక్కల్లేవు, దూకడం రాదు, పాకడం ఒక్కటే వచ్చు, కాబట్టి విజయవాడలో మూడో అంతస్తుకి ఎవరో మోసుకొస్తేనే వచ్చుంటావు, ఎవరు మోసుకొచ్చారు అన్నదానిమీద మా ఇంట్లో జరిగినంత విచారణ సీబీఐ కూడా చేసుండదు. అమ్మ లెక్క ప్రకారం నువ్వు నాన్న తరఫు, మా మేనత్త సంక్రాంతికి తెచ్చిన బ్యాగులోంచి దిగావు. నాన్న లెక్క ప్రకారం నువ్వు అమ్మ పుట్టింటివాళ్ళు సారెలో ఇచ్చిన టేకు మంచంలో వచ్చావు, ఆ మంచం వచ్చి ముప్ఫై ఏళ్ళయింది కదా ఇన్నాళ్ళూ ఏం చేస్తుందండీ అని అమ్మ అడిగితే మీవాళ్ళకి ఓపిక ఎక్కువేగా అన్నారు, ఆ రోజు మాకు వంట లేదు. మా తమ్ముడు అమీర్‌పేటలో కోచింగ్ హాస్టల్ నించి వచ్చి సూట్‌కేసు తిన్నగా నా మంచం మీద పెట్టి తెరిచాడు, అక్కడ రూముల్లో జావా వాళ్ళు పోయి పైథాన్ వాళ్ళు, వాళ్ళు పోయి డేటా సైన్స్ వాళ్ళు దిగుతుంటారు గానీ పరుపులు మాత్రం మారవు, అయినా వాడి పేరు మాత్రం ఎఫ్ఐఆర్‌లో లేదు, ఎందుకంటే వాడు మగపిల్లాడు, పైగా చదువుకుంటున్నాడు.

నువ్వొచ్చిన కొత్తలో నిన్ను ఎవరూ గుర్తుపట్టలేదు తెలుసా. చేతిమీద వరసగా మూడు దద్దుర్లు లేస్తే నానమ్మ వేడి చేసిందే, మజ్జిగ తాగు అంది. అమ్మ దోమలంది. స్కిన్ డాక్టర్ ఎలర్జీ అని సెట్రిజిన్ రాసి వంకాయ మానెయ్యమన్నాడు, పాపం వంకాయ ఏం చేసింది. నాన్నకైతే ఒంటిమీద ఒక్క మచ్చ లేదు, నన్ను కుట్టట్లేదుగా, నల్లులేంటి మీ మొహం, అన్నీ మీ భ్రమలు అని తేల్చేశారు, తర్వాత తెలిసింది ఏంటంటే నువ్వు ఆయన్నీ వదల్లేదు, కొంతమంది ఒంటికి నీ కాటు అస్సలు తేలదట, అంటే మా నాన్న నీకు రోజూ భోజనం పెడుతూనే నువ్వు లేవని వాదించారన్నమాట. చివరికి దుప్పటి మార్చేటప్పుడు పరుపు కుట్టు వెంబడి పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మరకలు, నువ్వు తిన్నదాని రశీదులు, బయటపడ్డాకే అందరూ నోరు మూశారు.

అప్పట్నించీ నీ గురించి చదువుతూనే ఉన్నా, ఎంసెట్‌కి ఇంత చదివుంటే డాక్టర్‌నయ్యేదాన్ని. నిద్రలో మేం వదిలే కార్బన్ డయాక్సైడు, ఒంటి వేడి పట్టుకుని వచ్చేస్తావట. ఐదు పది నిమిషాల్లో భోజనం ముగించి చేయి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోతావట. గుడ్డులోంచి వచ్చాక పెద్దవ్వడానికి ఐదుసార్లు చర్మం వదలాలి, ప్రతిసారీ ముందు ఒకసారి రక్తం తాగాలి, అంటే నీ పిల్లలకి నామకరణం నించి ఓణీల ఫంక్షన్ దాకా భోజనాల కాంట్రాక్టు మాదే. నీ సంసారం ఎలా సాగుతుందో ఎంటమాలజీ పుస్తకంలో చదివాక మాత్రం మా అమ్మానాన్నల గొడవలు చాలా సాఫ్ట్ అనిపించాయి, అది ఇక్కడ రాయను, నానమ్మ కూడా చదువుతుంది. రోగాలు అంటిస్తావన్న రుజువు మాత్రం ఇప్పటిదాకా లేదట, అంతవరకు థాంక్స్. ఊరెళ్ళి వారం రోజులుంటే ఆకలికి చస్తావులే అని నాన్న ప్లాన్ వేశారు, నువ్వు తిండి లేకుండా నెలలు నెలలు ఉండగలవని నేను చదివి వినిపిస్తే ఆయన, పోన్లే మనమన్నా ప్రశాంతంగా పడుకుని వద్దాం అన్నారు, మన సూట్‌కేసుల్లో అదీ వస్తుంది నాన్నా అన్నాక ఇంక మాట్లాడలేదు.

శివుడు కొండెక్కింది, విష్ణుమూర్తి పాము మీద పడుకుంది నీ బాధ పడలేకే అని పూర్వం చెప్పుకునేవాళ్ళంట. వాళ్ళకేం, సొంత కొండ, సొంత సముద్రం. మేం ఈఎమ్ఐలో ఉన్నాం.

నానమ్మ దగ్గర నీకు వేరే ట్రీట్‌మెంట్ ఉంది. ఆవిడ చిన్నప్పుడు ఎండాకాలం వస్తే వీధి వీధంతా నులక మంచాలూ నవారు మంచాలూ బయటేసి, నేలకేసి దభీదభీమని బాది, మంచం కోళ్ళ సందుల్లో సలసలా కాగే నీళ్ళు పోసేవాళ్ళట, మిగిలిన సందులకి కిరసనాయిలు పూసేవాళ్ళట, పక్కింటావిడ ఇంకో బిందెడు వేడినీళ్ళు తెచ్చి సాయం చేసేదట. వేడినీళ్ళకి నువ్వు నిజంగానే చస్తావు, గుడ్లతో సహా, అందులో నానమ్మ సైన్సు కరెక్టు. కిరసనాయిలు మాత్రం ఇప్పుడు రేషన్‌లోనూ దొరకదు, దొరికినా ఫోమ్ పరుపు పక్కన అది పెట్టుకోవడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. నేనైతే ఆవిడ చెప్పినదాంట్లో వేరే విషయం దగ్గర ఆగిపోయా. వీధి వీధంతా, ఒకే రోజు, అందరి ఎదురుగా. ఎవరికీ సిగ్గు లేదు.

మేమూ ఎండని నమ్ముకున్నాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బెజవాడ ఎండకి పేరేంటో నీకూ తెలుసు, నాన్నా నేనూ రాత్రిపూట ఎవరూ చూడకుండా పరుపు టెర్రస్ మీదకి మోసి మర్నాడంతా ఎండబెట్టాం. రోళ్ళ సంగతి తెలీదు గానీ నువ్వు మాత్రం పగల్లేదు. పరుపు పైన ఆమ్లెట్ వేసుకోవచ్చు, లోపల మాత్రం నీకు చల్లగానే ఉంది, నువ్వూ నీ గుడ్లూ చావాలంటే లోపలి దాకా యాభై డిగ్రీలు దాటి కాసేపు ఆగాలట. ఎవరైనా అడిగితే కొత్త పరుపు అండీ, వాసన పోవడానికి అని చెప్పాలని అమ్మ ముందే ట్రైనింగ్ ఇచ్చింది. మంచం చుట్టూ లక్ష్మణరేఖ కూడా గీసింది, అది బొద్దింకలకీ చీమలకీ కదమ్మా అంటే ఏదో ఒక పురుగేగా అంది. దాటేశావు. రావణుడికన్నా సాధువేషం వేసుకునే ఓపికుంది.

మందుల దగ్గర నిన్ను మెచ్చుకోవాల్సిందే. 1939లో పాల్ ముల్లర్ అనే స్విట్జర్లాండ్ ఆయన డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టాడు, దానికి 1948లో నోబెల్ ఇచ్చారు. మీవాళ్ళు 1947లోనే హవాయిలో పెరల్ హార్బర్ బ్యారక్స్‌లో ఆ మందు పూసుకుని తిరిగారు, అంటే ఆయనకి ప్రైజు రాకముందే మీకు రెసిస్టెన్స్ వచ్చేసింది. తర్వాత మా నాన్న తరం అంతా నమ్ముకున్న టిక్ ట్వంటీ పోయింది, ఇప్పుడొచ్చే స్ప్రేల్లో చాలావాటికి మీరు అలవాటు పడిపోయారు. మాకు కొత్త మేనేజర్ వస్తే అలవాటు పడటానికి రెండేళ్ళు పడుతుంది.

అసలు విషయానికొస్తా. 2023లో ప్యారిస్‌లో నీ గురించి ఎంత గొడవయిందో, రైళ్ళలో, సినిమా హాళ్ళలో ఉన్నావని జనం వీడియోలు పెట్టారు, ఒక మహిళా ఎంపీ అయితే గాజుసీసాలో మీవాళ్ళని పట్టుకుని తిన్నగా పార్లమెంటుకే వెళ్ళి ప్రధానమంత్రిని నిలదీసింది. వాళ్ళు పార్లమెంటులో చెప్పారు, మేం ఎదురు ఫ్లాట్‌లో చెప్పలేదు. నల్లులున్న ఇల్లు అని పేరొస్తే నాకు సంబంధాలు రావని అమ్మ భయం. నువ్వు శుభ్రమైన ఇంటికీ వెళ్తావు, ఫైవ్ స్టార్ హోటల్‌కీ వెళ్తావు, నీకు కావాల్సింది పడుకున్న మనిషి ఒక్కడే, ఇది అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా, అది మనకి తెలుసమ్మా, వాళ్ళకి తెలీదుగా అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే పెస్ట్ కంట్రోల్ అతన్ని యూనిఫామ్ లేకుండా రమ్మన్నాం, బండి పక్క సందులో పెట్టించాం, వాచ్‌మన్‌కి ఏసీ సర్వీసింగ్ అని చెప్పాం. జనవరిలో. వాచ్‌మన్ అలాగేనండీ అన్నాడు, వాడి మొహంలో ఏదో నవ్వుంది, అప్పుడు అర్థం కాలేదు. స్విచ్‌బోర్డుల్లో, మంచం సందుల్లో అన్నిట్లో కొట్టాడు, వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ దగ్గరికొచ్చేసరికి అమ్మ ఆపి, దణ్ణం పెట్టుకుని తనే క్యాలెండర్ తీసింది, వెనకాల నువ్వు సకుటుంబ సపరివార సమేతంగా ఉన్నావు. మందుకి గుడ్లు చావవు మేడం, రెండు వారాలాగి మళ్ళీ కొట్టాలి అని చెప్పి వెళ్ళాడు.

ఆ మధ్యలోనే నాకు పెళ్ళిచూపులు. సోఫా పాలిష్‌కి ఇచ్చామని చెప్పి పెళ్ళివాళ్ళని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టాం, నువ్వు బయటికి రాకూడదని అమ్మ దుర్గమ్మకి కొబ్బరికాయ మొక్కుకుంది. అబ్బాయి వాళ్ళమ్మగారు కాఫీ అందుకుంటుంటే పొడుగు చేతుల జాకెట్టు కొంచెం పైకి జరిగింది. మూడు దద్దుర్లు. వరసగా. ఆవిడ నేను చూడటం చూసింది, నేను ఆవిడ చూడటం చూశా, ఇద్దరం కాఫీ బావుంది అనుకున్నాం. జాతకాలు కలవలేదని తర్వాత ఫోన్ చేశారు, నా ఉద్దేశంలో అన్నీ కలిశాయి.

రెండు వారాలకి రెండోసారి కొట్టించాక ఓ నెల హాయిగా పడుకున్నాం. మళ్ళీ వచ్చావు. అప్పుడు వాచ్‌మన్ నోరు జారాడు, ఏంటమ్మా ఈ చలికాలం మన బిల్డింగులో అందరికీ ఏసీలు పాడయ్యాయి, త్రీ నాట్ టూ, త్రీ నాట్ ఫోర్, కింద టూ నాట్ త్రీ అని. త్రీ నాట్ ఫోర్‌లో అసలు ఏసీయే లేదు! మేం మందు కొడితే నువ్వు గోడ సందులోంచి, వైరింగ్ పైపులోంచి వాళ్ళింటికెళ్తున్నావు, వాళ్ళు కొట్టిస్తే మా ఇంటికి తిరిగొస్తున్నావు, డబ్బులు అందరివీ పోతున్నాయి, పరువు అందరిదీ దక్కుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన రాత్రి పన్నెండున్నరకి ఎవరింట్లోనైనా చిన్న చిన్న పురుగులు అని పెట్టాడు, నేను చూస్తుండగానే దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్ అయిపోయింది. పొద్దున్నే మోటార్ గురించి నలభై మెసేజ్‌లు.

అందుకని నీకో పని అప్పజెప్తున్నా. ఈ ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో అసోసియేషన్ మీటింగ్ ఉంది, పెయింటింగ్ గురించి, అందరూ వస్తారు. ప్రెసిడెంట్ గారు ఎప్పుడూ తెల్ల చొక్కానే వేసుకుంటారు, మెత్త కుర్చీ ఒక్కటే ఉంటుంది, అందులో ఆయనే కూర్చుంటారు. నువ్వు వెలుతురులోకి రావని తెలుసు, ఈ ఒక్కసారికి వచ్చి ఆయన కాలర్ మీద ఈ చివర్నించి ఆ చివరికి మెల్లగా నడువు, ఎజెండా చదివే టైమ్‌లో అయితే ఇంకా బెస్టు. ఒక్కళ్ళు నల్లి అని అరిస్తే చాలు, మిగతావాళ్ళంతా మా ఇంట్లోనూ అంటారు, అన్ని ఫ్లాట్లూ ఒకే రోజు కొట్టించుకుంటాం. నీ ప్రాణానికి రిస్కే, కాదనను. ఇన్నాళ్ళు మా తిండి తిన్నావు, ఆ మాత్రం చెయ్యవా.

ఇట్లు
ఓ పాజిటివ్,
మూడో అంతస్తు

తా.క.: ప్రెసిడెంట్ గారింట్లో కూడా మొన్న ఏసీ బాగుచేయించారట, కాబట్టి దారి నీకు తెలిసే ఉంటుంది.