హువాఫాన్ మారుమూల ఎందుకైంది?

లావోస్ వెళ్లొచ్చిన వాళ్లను ఏమేం చూశారని అడిగితే మూడు పేర్లు తడుముకోకుండా చెప్తారు: లువాంగ్ ప్రబాంగ్, వాంగ్ వియెంగ్, వియంటియాన్. 2021 డిసెంబర్‌లో చైనా సరిహద్దు నుంచి రాజధాని దాకా రైలు మొదలయ్యాక ఈ మూడూ ఒకే లైను మీదికి వచ్చేశాయి. పొద్దున ఒక ఊళ్లో కాఫీ తాగి, భోజనం వేళకు ఇంకో ఊళ్లో దిగొచ్చు. ఆ లైనుకు బాగా తూర్పున, వియత్నాం సరిహద్దును ఆనుకుని హువాఫాన్ అనే ప్రావిన్స్ ఉంది. దాదాపు 16,500 చదరపు కిలోమీటర్లు, అందులో చదునైన నేల ఎక్కడుందో వెతుక్కోవాలి. 2015 జనాభా లెక్కల ప్రకారం మూడు లక్షలకు కాస్త తక్కువ మంది ఉంటారు. రాతి జాడీల మైదానం చూడ్డానికి ఫోన్‌సవాన్ దాకా వెళ్లేవాళ్లే తక్కువ. అక్కడి నుంచి హువాఫాన్ ముఖ్య పట్టణం సామ్ నువాకు ఇంకో పగలంతా కొండ మలుపుల్లో పోవాలి.

ఇలాంటి చోట్ల గురించి ట్రావెల్ వీడియోల్లో వినపడే మాటలు మనకు తెలిసినవే. ఎవరూ చూడని స్వర్గం, కాలం ఆగిపోయిన ఊళ్లు, మనిషి చెయ్యి పడని ప్రకృతి. హువాఫాన్ విషయంలో ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. గత శతాబ్దంలో లావోస్ తలరాత మార్చిన నిర్ణయాలు చాలావరకు ఇక్కడి గుహల్లో కూర్చుని తీసుకున్నవే. మనిషి చెయ్యి పడకపోవడం సంగతి అటుంచితే, ఆకాశం నుంచి ఇంతగా దెబ్బతిన్న కొండలు ప్రపంచంలో ఎక్కడా పెద్దగా లేవు. ఈ సీమ మారుమూల కావడానికి కారణాలున్నాయి. అవేమిటో తెలియకుండా చల్లగాలి కోసం అంత దూరం వెళ్లడం దండగ అనే అంటాను. చల్లగాలి అంతకంటే తక్కువ ఖర్చులో చాలా చోట్ల దొరుకుతుంది.

1954 జెనీవా ఒప్పందంతో కథ మొదలుపెట్టాలి. ఫ్రెంచి వాళ్లు ఇండోచైనా వదిలి వెళ్లే సమయంలో కమ్యూనిస్టు పాథెట్ లావో దళాలు సర్దుకోవడానికి రెండు ప్రావిన్సులు కేటాయించారు. ఒకటి ఫోంగ్సాలి, రెండోది ఇది. హనోయి నుంచి సాయం రావడానికి దగ్గరి దారి, దాక్కోవడానికి సున్నపురాయి కొండలు. ఇంకేం కావాలి? 1964లో అమెరికా బాంబు దాడులు మొదలయ్యాక నాయకత్వం మొత్తం సామ్ నువాకు 30 కిలోమీటర్ల దూరంలోని వియెంగ్‌సాయ్ గుహల్లోకి మారింది. వాళ్లతో పాటు సైనికులు, మామూలు జనం. అంతా కలిపి 20 వేలకు పైగా మనుషులు తొమ్మిదేళ్లు కొండ కడుపులో బతికారు. ఆస్పత్రి ఒక గుహలో, అచ్చుయంత్రం ఇంకో గుహలో, బడి మరో గుహలో. పగలు లోపల, రాత్రి పొలాల్లో. పొగ పైకి కనిపిస్తే బాంబు పడుతుంది కాబట్టి తెల్లవారకముందే వంట ముగించుకునేవాళ్లు.

ఈ గుహలు ఇప్పుడు చూడొచ్చు. గైడు వెంట రావాల్సిందే, ఆడియో టూర్ చెవుల్లో పెట్టుకుని నడవొచ్చు. ఆ ఆడియోలో స్థానికులు తమ జ్ఞాపకాలు చెప్తారు. నా లెక్కలో ఇక్కడ అన్నిటికంటే విలువైనది అదే. పాథెట్ లావో అగ్రనేత కైసోన్ ఫోమ్‌విహాన్ ఉన్న గుహలో పార్టీ పొలిట్‌బ్యూరో సమావేశాల గది, బల్ల, కుర్చీలు అలాగే ఉన్నాయి. ఇంకా లోపలికి పోతే మందమైన తలుపు వెనక ఒక చిన్న కాంక్రీటు గది. అందులో సోవియట్ తయారీ గాలి యంత్రం. విషవాయువు వదిలితే తలుపు బిగించుకుని, బయటి గాలిని వడకట్టి లోపలికి తోసుకోవడానికి పెట్టుకున్నది. పక్కనే ఇంకో గుహలో నాటకాలూ సభలూ జరిగేవి, వేదికతో సహా. ఊపిరి కోసం యంత్రం పెట్టుకున్న చోటే నాటకాలు కూడా ఆడుకున్నారన్న సంగతి ఏ చరిత్ర పుస్తకమూ ఇంత తేలిగ్గా మనసుకెక్కించదు.

ఆడియోలో వినపడనిది కూడా ఒకటుంది. 1975 డిసెంబర్ 2న రాచరికం రద్దయింది. కైసోన్ ప్రధాని అయ్యాడు, రాజకుటుంబంలో పుట్టి పాథెట్ లావోతో నడిచిన సుఫానువోంగ్ అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత పాత ప్రభుత్వానికి పనిచేసిన వేల మందిని 'పునర్విద్య' శిబిరాలకు పంపారు. వాటిలో ముఖ్యమైనవి ఈ ప్రావిన్స్‌లోనే ఉన్నాయి. చివరి రాజు సవాంగ్ వత్తనాను 1977లో కుటుంబంతో సహా ఇక్కడికే తెచ్చారు. ఆయన తిరిగి వెళ్లలేదు. ఎప్పుడు పోయాడన్న దానిపై ఇప్పటికీ ఒక మాట లేదు. గుహల దగ్గర బోర్డులు గెలిచినవాళ్ల కథే చెప్తాయి. అది ఏ దేశంలోనైనా మామూలే. అయితే దాని గురించి అక్కడి గైడును నిలదీయడం మాత్రం తగని పని. మనం మర్నాడు బస్సెక్కి పోతాం, ఆయన అక్కడే ఉండాలి. చదువుకోవాల్సింది వెళ్లకముందే చదువుకుని, అక్కడ చూడటం, వినడం చేయాలి.

బాంబుల లెక్క లావోస్ మొత్తానిది చెప్తే గానీ ఈ సీమ పరిస్థితి అర్థం కాదు. 1964 నుంచి 1973 దాకా 5.8 లక్షల దాడుల్లో 20 లక్షల టన్నులకు పైగా కురిపించారు. అందులో క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న బాంబులే 27 కోట్లు. వాటిలో దాదాపు మూడో వంతు పేలకుండా నేలలో ఉండిపోయాయి. ఇప్పటిదాకా చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు 50 వేల పైమాటే. అందులో సుమారు 20 వేల మంది యుద్ధం ముగిశాక చనిపోయిన లేదా గాయపడినవాళ్లు. 2016లో ఒబామా వచ్చి మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. అమెరికా అధ్యక్షుడు పదవిలో ఉండగా లావోస్‌లో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఒక రైతు వైపు నుంచి చూడండి. కొత్త మడి తవ్వాలంటే భయం, బడి కట్టాలంటే ముందు నేల వెతికించాలి, రోడ్డు వెడల్పు చేయాలన్నా అంతే. ప్రతి పనికీ ఖర్చు పెరుగుతుంది, ఆలస్యమవుతుంది. మనకు ఫొటోలో 'పాతకాలపు పల్లె'గా కనిపించేదాని వెనక ఈ ఆలస్యం చాలా ఉంది. కొండలు ఎత్తు కాబట్టే వెనకబడ్డాయని అంటే సరిపోదు. ఎత్తయిన కొండలున్న లువాంగ్ ప్రబాంగ్ 1995లో ప్రపంచ వారసత్వ హోదా తెచ్చుకుని టూరిజం మీద బతుకుతోంది. యాత్రికులకు దీని నుంచి నేరుగా తేలే నియమం ఒకటే: అరిగిన దారి వదిలి పక్కకు పోవద్దు. ఎంత మంచి ఫొటో వస్తుందనిపించినా సరే.

చలి సంగతి. సామ్ నువా దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట మంచు, రాత్రి వణుకు. గెస్ట్‌హౌస్‌ల్లో హీటర్ ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు, స్వెట్టర్ పట్టుకెళ్లాలి. మార్చి, ఏప్రిల్‌లో పోడు మంటల పొగ కళ్లు మండిస్తుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రోడ్డు ఎప్పుడు మూసేస్తారో తెలియదు. చల్లటి వాతావరణం మనకు నాలుగు రోజుల సుఖమే గానీ, 2016 జనవరి చలికి ఉత్తర లావోస్‌లో పశువులు గుంపులుగా చచ్చిపోయాయి. పశువే బ్యాంకు ఖాతాగా బతికే ఇంటికి అదెంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ టూరిజం వల్ల ఆ ఇళ్లకు ఏమైనా ఒరుగుతుందా? ఇక్కడ హువాఫాన్ చేసిన ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. నామ్ ఎట్–ఫూ లోయ్ అనే జాతీయ ఉద్యానవనంలో కొంత భాగం ఈ ప్రావిన్స్‌లోకి వస్తుంది. అక్కడ నామ్ నెర్న్ నది మీద రాత్రి పడవ ప్రయాణం పెట్టారు. సన్నటి పొడవాటి పడవ, ఇంజన్ ఆపేసి ప్రవాహానికి వదిలేస్తారు. ముందు కూర్చున్న గైడు టార్చి ఒడ్డు వెంట తిప్పుతుంటే చీకట్లో రెండు చుక్కలు మెరుస్తాయి. కణుజు కావచ్చు, పునుగుపిల్లి కావచ్చు. ఆ రాత్రి యాత్రికులు ఏయే జంతువులు చూశారో రాసుకుంటారు. దాన్ని బట్టి చుట్టుపక్కల పల్లెల అభివృద్ధి నిధికి డబ్బు జమవుతుంది. అరుదైన జంతువుకు ఎక్కువ, మామూలుదానికి తక్కువ. వేటాడుతూ ఎవరైనా దొరికితే ఆ ఊరి వాటాలో కోత పడుతుంది.

అడవిని కాపాడండి అని బోర్డు పెట్టడం కంటే ఇది ఎంతో తెలివైన పని. అడవిలో ప్రాణంతో ఉన్న జంతువు ఊరికి ఆదాయం తెస్తుందని లెక్క కట్టి చూపించారు. కానీ దీన్ని అతిగా పొగడటానికీ లేదు. ఇదే అడవిలో పులి చివరిసారి కెమెరాకు చిక్కింది 2013లో. 2019లో వచ్చిన అధ్యయనం పులి ఇక్కడ అంతరించిందనే తేల్చింది. ఉచ్చులు కారణం. బయటి మార్కెట్లో పులి ఎముకకు పలికే ధర ముందు యాత్రికుల టికెట్ డబ్బు ఏ మూలకు? పెద్ద స్మగ్లర్లను ఆపాల్సింది ప్రభుత్వాలే. ఊరివాళ్లు తమ అవసరం కోసం చేసే వేటను తగ్గించడానికి మాత్రం ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇలాంటి లెక్కే పట్టుబట్టలకూ వర్తిస్తుంది. సామ్ నువా, సామ్ తాయ్ ప్రాంతాల నేత లావోస్‌లో మేలు రకం. పట్టుపురుగుల్ని ఇంట్లోనే పెంచుతారు, ఎరుపుకు లక్క, నీలానికి నీలిమందు. ఆ మగ్గం దగ్గర కాసేపు నిలబడి చూడాలి. పడుగు వెనక పైనుంచి కిందికి దారాల తెర వేలాడుతుంటుంది, దానిలో అడ్డంగా దూర్చిన తాళ్లు ఉంటాయి. ఒక్కో తాడు డిజైన్‌లో ఒక్కో వరసకు గుర్తు. తాడు లాగితే ఏ పడుగు పోగులు లేవాలో అవే లేస్తాయి, పేక వేసి తాడును పై నుంచి కింది సగంలోకి మారుస్తారు. మొత్తం నాగ (పురాణ సర్పం) నమూనా ఆ తాళ్లలోనే దాగి ఉంటుంది. ఈ నాగ నమూనా నేతకు 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇంత పనిచేసిన బట్ట లువాంగ్ ప్రబాంగ్ రాత్రి బజారులో యంత్రం మీద నేసిన దిగుమతి సరుకు పక్కన పడి ఉంటుంది, దాని ధరతోనే పోటీ పడాలి. నేసిన మనిషి చేతికే డబ్బు ఇవ్వాలంటే నేసిన ఊరికే పోవాలి. అక్కడ గీచి గీచి బేరమాడటం మానుకుంటే ఇంకా మంచిది.

సామ్ నువాకు దగ్గర్లో నోంగ్ ఖాంగ్ అనే చోట కొత్త విమానాశ్రయం వచ్చింది. దాంతో వియంటియాన్ నుంచి ప్రయాణం బాగా తగ్గుతుంది. నాకైతే ఇది శుభవార్తే. ఆస్పత్రికి పరిగెత్తాల్సిన మనిషికి ఆ రోడ్డు మలుపులు అందాలు కావు, మన థ్రిల్ కోసం వాళ్లు దూరంగానే ఉండిపోవాలని కోరుకోకూడదు. భయమల్లా శుక్రవారం దిగి ఆదివారం ఎగిరిపోయే ప్యాకేజీలతోనే. గుహలు చూసేసి వెళ్లిపోతే పల్లెలకు మిగిలేది ఏమీ ఉండదు, అందువల్ల ఒకవైపు విమానం ఎక్కినా రెండోవైపు ఆరో నంబరు రోడ్డు మీద రావాలని సలహా ఇస్తాను. ఆ దారికి పక్కనే కొండ శిఖరం మీద హింతాంగ్ ఉంది. పలకలుగా చీల్చిన రాళ్లు గుంపులుగా నిలబెట్టి ఉంటాయి, వాటి పక్కన నేలలోకి తొలిచిన సమాధి గదులు, మీద గుండ్రటి రాతి మూతలు. 1930ల్లో ఫ్రెంచి పరిశోధకురాలు మాడలీన్ కొలానీ వీటిని పరిశీలించింది. వియత్నాం వైపు నుంచి నా మేయో సరిహద్దు మీదుగా కూడా రావొచ్చు గానీ, ఈ–వీసా ప్రతి సరిహద్దు చెక్‌పోస్టులోనూ చెల్లదు, ముందే కనుక్కోవాలి. శాకాహారులు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. చేపను ఊరబెట్టి చేసే పాదేక్ దాదాపు ప్రతి కూరలోనూ పడుతుంది, ఆర్డర్ ఇచ్చేటప్పుడే వద్దని చెప్పాలి.