భక్తి వారిది, భద్రత ఎవరిది?

2025 నవంబరు 1, కార్తిక ఏకాదశి, శనివారం. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని వేంకటేశ్వర ఆలయంలో మెట్ల పక్కనున్న రెయిలింగ్ ఊడింది. ఆ వెంటనే జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు మహిళలు. అటువంటి చావులు జరిగినప్పుడల్లా మన మధ్య రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, అంతా దైవలిఖితం. రెండోది, హేతువాదులమని చెప్పుకునే కొందరి వెటకారం: దేవుడుంటే కాపాడేవాడు కదా, అసలు అంతమంది ఎగబడి వెళ్లడమెందుకు? పైకి ఇవి బద్ధ విరోధుల మాటలు. చేసే పని మాత్రం ఒక్కటే. జవాబు చెప్పాల్సిన వారిని జవాబు చెప్పనవసరం లేకుండా చేస్తాయి.

మూడో మాట ప్రభుత్వానిది. అది ప్రైవేటు ఆలయం, దేవాదాయ శాఖ పరిధిలో లేదు అని. నిజమే. అయితే అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో కొత్తగా కట్టిన గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు మరణించారు. తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలిని నియమించేది ప్రభుత్వమే. సింహాచలం దేవాదాయ శాఖ కిందిదే. ఒకే ఏడాదిలో మూడు దుర్ఘటనలు జరిగితే రెండు సర్కారు పరిధిలోనివే అయినప్పుడు, మూడోదానికి పరిధిని సాకుగా చూపడం చెల్లదు.

మత స్వేచ్ఛలో జోక్యం చేసుకోలేమన్న వాదన అంతకన్నా బలహీనమైనది. రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వేచ్ఛను ప్రకటించే ముందే ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని షరతు పెట్టింది. మత సంస్థల నిర్వహణకు సంబంధించిన 26వ అధికరణమూ ఆ షరతుతోనే మొదలవుతుంది. గర్భగుడిలో ఏ మంత్రం చదవాలో చెప్పే హక్కు ప్రభుత్వానికి లేదు. మెట్లు ఎంతమందిని మోస్తాయి, లోపలికి వెళ్లేవారికీ బయటికి వచ్చేవారికీ వేర్వేరు దారులున్నాయా అని అడిగే బాధ్యత మాత్రం ఉంది. ఊళ్లో సినిమా హాలు తెరవాలంటే లైసెన్సు కావాలి, మంటలార్పే ఏర్పాట్లు చూపాలి. వేలమంది ఒకేసారి ఎక్కే గుడి మెట్లను ఎవరూ తనిఖీ చేయనక్కరలేదా?

అడగకపోవడానికి కారణం చట్టం కాదు, జంకు. ‘మనోభావాలు’ అన్న మాట వినబడితే చాలు, మన పాలకులు, ప్రతిపక్షాలు చెవులు రిక్కిస్తారు. విజయనగరం జిల్లా రామతీర్థం బోడికొండపై 2020 డిసెంబరు చివరలో రాముని విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేసినప్పుడు ఏం జరిగిందో ఈ ప్రాంతం మరచిపోలేదు. అది హేయమైన నేరం, అందులో రెండో మాటకు తావు లేదు. 2021 జనవరి 2న ప్రధాన పార్టీల నాయకులు ఒకే రోజు పోటీపడి ఆ కొండకు ప్రయాణమయ్యారు. రెయిలింగ్ నాసిగా ఉందని, గోడ హడావుడిగా కట్టారని ఏ నాయకుడి మనోభావాలూ ముందుగా దెబ్బతిన్న దాఖలా లేదు.

ఇదే జంకు ఏజెన్సీ గ్రామాల్లో మరో రూపంలో కనిపిస్తుంది. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఉత్తరాంధ్రకు కొత్త కాదు. చంపిన తరువాత హత్య కేసు పెడతారు. చంపకముందు, అనుమానం ఊరంతా పాకుతున్నప్పుడు ఆపే పని మాత్రం ఎవరిదీ కాదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాలపై చట్టాలు చేశాయి. మన శాసనసభ కూడా ఆ పనికి పూనుకోవాలి.

నాస్తికులతోనూ ఒక మాట. గుడికి వెళ్లి మరణించిన మహిళను ఎగతాళి చేయడం హేతువాదం అనిపించుకోదు. మన ఇచ్ఛాపురానికి ఎగువన ఇప్పటి ఒడిశా గంజాం జిల్లాలోని ఛత్రపురంలో 1902లో పుట్టిన నాస్తికోద్యమ నాయకుడు గోరా, దేవుడు లేడని జీవితాంతం నిర్భయంగా చెప్పారు. చెబుతూనే అంటరానితనంపై పోరాడారు. ఆయన కుమార్తెకు, దళిత యువకుడికి తన సేవాగ్రామం ఆశ్రమంలో పెళ్లి జరిపించేందుకు గాంధీజీ అంగీకరించారు. దేవుడి పేరు బదులు సత్యం పేరిట ప్రమాణం చేయించేందుకూ సిద్ధపడ్డారు. గాంధీజీ హత్యానంతరం 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది. నాస్తికుడికి చోటివ్వడానికి ఆ భక్తుడి నమ్మకం అడ్డురాలేదు. నేడు ఆ ఔదార్యం కరువైంది. నాస్తికుడు నోరు తెరిస్తే ఫిర్యాదులు వెల్లువెత్తుతున్నాయి. పాత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షన్, అంటే ఇప్పటి న్యాయ సంహితలోని 299, మతాన్ని, మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడానికే వర్తిస్తుంది. దేవుణ్ణి నమ్మనని చెప్పడానికి వర్తించదు. పోలీసులు కేసు రాసే ముందు ఈ తేడా చూడాలి.

దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం జరుగుతుంది. సిరిమాను కొస మీద పూజారి కూర్చుంటారు. మాను కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనసంద్రాన్ని అదుపు చేసే కానిస్టేబుల్ అమ్మవారిని నమ్ముతాడా లేదా అని ఎవరూ అడగరు. బందోబస్తు, రూటు, అంబులెన్సు, మంచినీళ్లు అన్నీ కలెక్టరు సమీక్షలో ముందే తేలతాయి. (2025లో మాత్రం ప్రముఖులు కూర్చున్న వేదిక ఒకటి కూలింది. సామాన్యుల దారిపై పెట్టిన శ్రద్ధ ఆ వేదికపై పెట్టలేదేమో.) ప్రభుత్వం అమ్మవారికి పట్టువస్త్రాలు సమర్పిస్తుంది, అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. భక్తులకు ఆనందమే. పట్టువస్త్రాలకు చూపే శ్రద్ధ మెట్ల మీదా చూపమనే మా విన్నపం.

ప్రైవేటు, ప్రభుత్వ భేదం లేకుండా జనం భారీగా వచ్చే ప్రతి గుడి, దర్గా, చర్చి పేరు, వాటి ఉత్సవ తేదీలతో సహా మండల స్థాయిలో నమోదు కావాలి. ఉత్సవానికి ముందు ఇంజినీరు, అగ్నిమాపక అధికారి, పోలీసు అధికారి కలిసి తనిఖీ చేసి, ఎంతమందిని అనుమతించవచ్చో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ సంఖ్యను ద్వారం దగ్గర బోర్డు మీద రాయించాలి. మూడు దుర్ఘటనలపైనా విచారణల్లో తేలిన అంశాలను పూర్తిగా ప్రజల ముందుంచాలి. వచ్చే కార్తికానికి ముందే ఈ పనులు పూర్తి కావాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాము.