బొమ్మ ఓడకు నూకలు చెల్లాయి

తెర మీద ఒక పాత్ర కళ్లజోడు సవరించుకుని, సూదంత తెరచాప కొయ్యను పట్టుకారుతో జిగురులో ముంచి బొమ్మ ఓడకు అతికిస్తూ కనిపించిందంటే, ఆ ఓడకు నూకలు చెల్లినట్టే. ఇల్లు తగలబడినా మనుషులు బయటపడతారు గానీ, గాజు పెట్టెలోని ఓడ మాత్రం పతాక సన్నివేశాన్ని చూసిన దాఖలాలు నాకు పెద్దగా కనబడలేదు. కొడుకుతో మాట్లాడలేని తండ్రి రైలుబొమ్మల ఊరిని ఒక్క తన్ను తన్నితే చాలు, నాలుగు పేజీల సంభాషణ ఖర్చు మిగులుతుంది. 1996 నాటి ‘స్టార్ ట్రెక్: ఫస్ట్ కాంటాక్ట్’లో ప్రతీకారంతో రగులుతున్న అంతరిక్ష నౌక కెప్టెన్ పికార్డ్‌కు మనుషులు చెప్పిన మంచి చెవికెక్కలేదు, తానే తుపాకీతో బాదిన గాజు అర పగిలి, అందులోని బుల్లి నౌకలు విరిగాక గానీ ఆయనకు తెలివి రాలేదు.

కూలడానికే పుట్టే బొమ్మల సంగతి మరీ దారుణం. అదే ఏడాది వచ్చిన ‘ఇండిపెండెన్స్ డే’ కోసం వైట్ హౌస్‌ను పన్నెండో వంతు కొలతలో ముచ్చటగా కట్టి, మందు దట్టించి పేల్చేశారు. ఈ హత్యలకు గణితం కూడా తోడు. చిన్న పెచ్చులు పెద్ద గోడలంత బరువుగా రాలుతున్నట్టు భ్రమ కలగాలంటే, బొమ్మను ఎన్నో వంతుకు కుదించారో ఆ సంఖ్య వర్గమూలమంత రెట్లు కెమెరా వేగం పెంచాలి. ఇరవై అయిదో వంతు నగరమైతే అయిదు రెట్లు, అంటే సెకనుకు 24కు బదులు 120 ఫ్రేములు తీయాలి, వాటిని మామూలు వేగంతో చూపితే కూలడం నెమ్మదిస్తుంది. కాలం ఇలా చెప్పినట్టు సాగుతుంది గానీ నీటిచుక్క మాత్రం ఎవరి మాటా విని కుదించుకోదు. అందుకే తొట్టెలో మునిగే మహానౌక చుట్టూ గుమ్మడికాయలంత తుంపరలు లేచి గుట్టు రట్టు చేస్తాయి.

ఇన్ని కెమెరాలు పెట్టినవారు, కిటికీ ఊచలను ఒక్కొక్కటిగా అతికించిన మనిషి ముఖం వైపు ఒక్కటి తిప్పి ఉంటే, వెతుక్కుంటున్న విషాదం పైసా ఖర్చు లేకుండా దొరికేది. ఇప్పుడు కంప్యూటర్‌లో కూల్చిన మేడ మీట నొక్కగానే మళ్లీ లేచి నిలబడుతోంది కనుక, పాపం, చావుకు కూడా మర్యాద లేకుండా పోయింది.

నేనూ ఒక కొయ్య ఓడ కట్టాను. చివరి తాడు ముడివేసిన మర్నాడు అది అయిదడుగుల ఎత్తున్న అలమార మీద నుంచి అర సెకను పైచిలుకులో నేల చేరింది. నాకు ఎవరి మీదా పగ లేదు. దుమ్ము దులుపుతుంటే మోచేయి తగిలింది.