ఆరాధన ఉత్సవంలో శాలువాలకున్న టైము పిల్లలకు లేదా?

త్యాగరాజ ఆరాధన (ఆయన వర్ధంతికి చేసే సంగీత ఉత్సవం) దగ్గర పడుతోందంటే చాలా ఊళ్ళలో కమిటీవాళ్ళు మొదట కొనేది శాలువాలు, ఆఖర్న ఆలోచించేది టైము గురించి. ఈ పోస్టు ఆ టైము గురించే. కాస్త ఘాటుగానే ఉంటుంది.

లెక్క వేద్దాం. పుష్య బహుళ పంచమి నాడు పొద్దున్నే ఉంఛవృత్తి (వీధుల్లో పాడుతూ భిక్ష తీసుకోవడం), 9 గంటలకు పంచరత్న గోష్ఠి, అంటే త్యాగరాజ పంచరత్న కృతులు ఐదూ అందరూ కలిసి పాడటం. అది ముగిసి జనం సర్దుకునేసరికి పదిన్నర. అప్పుడు ఒక్కొక్కరి స్వరార్చన. "తలా 7 నిమిషాలేగా" అని 60 పేర్లు రాసేసుకుంటారు. పాటలకే 420 నిమిషాలు, అంటే 7 గంటలు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కి, మైకు ఎత్తు మార్చి, శ్రుతి సరిచూసుకునే సరికి మనిషికి 2 నిమిషాలు పోతాయి. అదో 2 గంటలు. ఎవరూ భోజనానికి లేవకపోయినా రాత్రి ఏడున్నర! కరపత్రంలో మాత్రం సాయంత్రం 6కు పెద్ద కచేరీ అని ఉంటుంది. మధ్యలో ముఖ్య అతిథి వస్తారు, ఆలస్యంగా. ఇక 45వ నంబరు పిల్లకు చీటీ వెళ్తుంది: "అనుపల్లవితో ఆపేయమ్మా." మూడు నెలలు సాధన చేసిన చరణం, అంటే అనుపల్లవి తర్వాత వచ్చే ఆఖరి భాగం, నోట్లోనే ఉండిపోతుంది.

40 పేర్ల దగ్గర ఆపండి. 6 గంటలు పడుతుంది, నాలుగున్నరకు అవుతుంది. భోజనానికి అరగంట, పెద్ద కచేరీ మైకు చూసుకోవడానికి గంట మిగులుతాయి. సిఫార్సులు వస్తాయి. రానివ్వండి.

పేర్ల వరస మాత్రం వయసును బట్టో, గురువుగారి పలుకుబడిని బట్టో కాదు, శ్రుతిని, అంటే పాడేవాళ్ళ ఆధార స్వరం ఎత్తును బట్టి వేయాలి. మామూలుగా ఆడపిల్లలది 5 దగ్గర, మగవాళ్ళది 1 దగ్గర ఉంటుంది. 5 శ్రుతికి కట్టిన మృదంగం 1 శ్రుతికి పనికిరాదు. మృదంగం ఆయన రెండు తెచ్చుకుంటారు సరే, ఒక ఆడపిల్ల, ఒక అబ్బాయి, మళ్ళీ ఆడపిల్ల అని మార్చి మార్చి పిలిస్తే వాటిని మార్చడానికీ, రాయితో తట్టి శ్రుతి కుదుర్చుకోవడానికీ ఎంత టైమైనా చాలదు. 5, 5½ వాళ్ళందరూ పొద్దున, 1, 1½ వాళ్ళు మధ్యాహ్నం. దరఖాస్తులో కృతి, రాగం పక్కనే శ్రుతికో గడి పెట్టండి. ఖాళీగా వస్తే గురువుకు ఫోన్ చేసి నింపండి. సగం గోల అక్కడే తీరిపోతుంది.

పక్కవాద్యాల సంగతి ఇంకా అన్యాయం. 40 మందికీ అదే వయొలిన్, అదే మృదంగం, 6 గంటలు! రెండు జతలు కావాలి, భోజనం దగ్గర మారాలి. డబ్బుల్లేవంటారు. శాలువా 300 అనుకున్నా 40 శాలువాలకు 12,000. మనిషికి నిమిషంన్నర చొప్పున ఆ కప్పడాలకే గంట. రెండో జత సంభావన అక్కడే ఉంది, ఆ గంటా అక్కడే ఉంది. ఇచ్చేది కూడా సంచీ సర్దుకునేటప్పుడు కవరు చేతిలో పెట్టి తప్పుకోవడం కాదు. ముందే పాన్ నంబరు తీసుకుని బ్యాంకులో వేయండి, వోచరు మీద సంతకం పెట్టించుకోండి. దాతలకూ చెప్పండి, నగదుగా 2,000 మించి ఇస్తే పన్ను మినహాయింపు రాదని.

పంచరత్నాల్లో జరిగేది పాఠాంతరం గొడవ, అంటే ఒక్కో గురువు దగ్గర ఒక్కో తీరు. ఊళ్ళో నాలుగు సంగీత బడులుంటే చరణం తర్వాత ఎక్కడ ఎత్తుకోవాలో, ఏ సంగతి (ఒకే పాదాన్ని మార్చి పాడే తీరు) ఎన్నిసార్లో నాలుగు రకాలు. మొదటిదైన నాట రాగం కృతి ఎలాగో గట్టెక్కుతుంది, రెండోదైన గౌళకు వచ్చేసరికి సాహిత్యం చెదిరిపోతుంది. నెల ముందే ఒక పాఠం ఖాయం చేసి, దాని స్వరసాహిత్యం, ఆడియో అందరికీ పంపాలి. వంద మంది గొంతులకు ముందు వరసలో రెండే మైకులు పెడితే ఆ ఇద్దరి పాటే హాలంతా వినిపిస్తుంది, వెనక వరసలు అర అక్షరం ఆలస్యంగా లాగుతుంటాయి. ముందుండి నడిపేవాళ్ళకు నాలుగు మైకులు, వెనకవాళ్ళ వైపు తిప్పిన రెండు మానిటర్ స్పీకర్లు ఉంటే చాలు.

మైక్ సెట్ కుర్రాడిని తిట్టకండి. అతను చేసేవి పెళ్ళిళ్ళు, ఎకో పెట్టడం అలవాటు. ఎకో పూర్తిగా తీసేయమనీ, మృదంగం సౌండ్‌ను గాత్రం కంటే తగ్గించి ఉంచమనీ ముందే చెప్పాలి. లైట్లకూ సౌండ్‌కూ ఒకే లైను ఇస్తే గుయ్యిమంటుంది, వేరు చేయించండి. పుష్యం శూన్యమాసం, కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, అద్దె ధైర్యంగా బేరమాడండి. ఆరుబయట పందిరి వేస్తే పోలీసు అనుమతి కాగితం చేతిలో ఉండాలి, రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు కుదరవు.

చివరగా, స్టేజీ పక్కన స్టీలు గిన్నెలో గుప్పెడు బొంబాయి రవ్వ, చెంబుతో నీళ్ళు, ఓ పాత గుడ్డ పెట్టించండి. మృదంగం ఎడమ వైపు అంటించే రవ్వముద్ద ఫ్యాను గాలికి ఎండి రాలిపోతుంది, కచేరీ మధ్యలో మళ్ళీ కలుపుకోవాలి. వంటవాళ్ళ దగ్గర ఉంటుందిలే అనుకోకండి. అప్పటికి అది ఉప్మా అయిపోయి ఉంటుంది.